నీలం మాస్టారు

“అక్కా, ఆ ఉత్తరం సంగతి చెప్పవే” అంది ఆస్పత్రి మంచం మీది చెల్లెలు.

“ఎన్నిసార్లు వింటావే? చెప్పీ చెప్పీ నాకే విసుగొస్తోంది” అంది అక్క.

అక్క నవలా రచయిత్రి. నలభై రెండు ప్రేమ నవలలు రాసింది. ప్రతి నవలా మొదట చదివేది చెల్లెలే. రేపు పొద్దున ఆ చెల్లెలికి గుండె ఆపరేషన్. “మా ప్రయత్నం మేం చేస్తాం” అంటూ డాక్టరు కళ్ళజోడు తుడుచుకున్న తీరు అక్కకి నచ్చలేదు.

అందుకే ఇవాళ ఒక నిర్ణయంతో వచ్చింది. యాభై ఏళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్న మాట ఒకటుంది. అది చెల్లెలికి చెప్పేయాలి. చెప్పి, క్షమించమని అడగాలి. రేపటికి ఆ అవకాశం ఉంటుందో ఉండదో ఎవరికి తెలుసు?

“ఉత్తరం తర్వాత. ముందు నీకో నిజం చెప్పాలి. ఆ పొడుగు చేతులబ్బాయి గురించి...”

“వాడి గురించైతే మొదట్నించీ చెప్పాల్సిందే. నీలం మాస్టారు దగ్గర మొదలెట్టు.”

మొండిఘటం. చిన్నప్పటి నుంచీ అంతే.

చెల్లెలు తొమ్మిదేళ్ళప్పుడు జబ్బుపడింది. నాన్న అప్పటికే లేడు. మూడేళ్ళపాటు ఆ పిల్ల చూసిన లోకమల్లా ఒక కిటికీ, మందుల అలమర. సాయంత్రం అక్క సంచీ భుజాన వేసుకుని వచ్చేది. చేతులైనా కడుక్కోకుండా మంచం పక్కన కూలబడి బడి కబుర్లు మొదలుపెట్టేది. చెల్లెలు అక్క వేళ్ళకంటిన నీలం పొడిని ఉఫ్‌మని ఊదుతూ వినేది. పొట్ట పట్టుకుని నవ్వేది. అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేది.

“సరే విను” అంది అక్క. సెలైన్ సీసా మారుస్తున్న నర్సు కూడా ఆగిపోయింది. “మా లెక్కల మాస్టారుకి తెల్ల సుద్దంటే గిట్టదు. అన్నీ నీలం సుద్దతోనే రాసేవాడు. నల్లబోర్డు మీద నీలం గీతలు! ఒక్క ముక్క కనపడి చస్తేనా? క్లాసు క్లాసంతా సున్నాలే. పైగా బోర్డు తుడిచే పని నాది.”

“మరి మూడో బెంచీ?” చెల్లెలు అందించింది.

“మూడో బెంచీలో ఒకడుండేవాడు. వాడి చొక్కా ఏ తల్లి కుట్టిందో గానీ, చేతులు వేళ్ళు దాటి వేలాడేవి. జవాబు తెలిసి చెయ్యెత్తితే ఉత్త గుడ్డ ఊగేది. ‘ఎవడ్రా అక్కడ బట్టలారేస్తున్నాడు?’ అనేవాడు మాస్టారు.”

నర్సు కిసుక్కున నవ్వింది. “అందుకేనా మేడమ్, మీ హీరోలందరూ చొక్కా చేతులు మడుచుకుంటూ వస్తారు?”

అక్క ఆ మాట విననట్టే కథ అందుకుంది.

“పదిహేను రోజులు కష్టపడి వాడికో ఉత్తరం రాశాను. వాడు కుళాయి దగ్గర నీళ్ళు తాగుతుంటే, పక్కనించి పోతూ జేబులో పడేశాననుకున్నాను. కొత్త చొక్కా! జేబు మూతికి తాత్కాలికంగా వేసిన పచ్చికుట్టు ఇంకా విప్పలేదు. ఉత్తరం జారి కింద పడింది. ఎవరికి దొరికింది?”

“నీలం మాస్టారుకి!” చెల్లెలు, నర్సు ఒకేసారి అన్నారు.

“క్లాసంతా వినేలా చదివాడు మహానుభావుడు. నేను బెంచీ కిందకి దూరిపోయాను. చదివి ఊరుకున్నాడా? నాలుగు తప్పులు దిద్ది, కింద నీలం సుద్దతో సంతకం పెట్టి మరీ ఇచ్చాడు.”

చెల్లెలు నవ్వి నవ్వి దగ్గింది. నర్సు వీపు నిమిరి, నీళ్ళు తాగించి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

“నేను హైస్కూలు మొహం చూడకపోయినా పదో తరగతి దాకా చదివినట్టే ఉందక్కా, నీ పుణ్యమా అని” అంది చెల్లెలు.

అక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. “ఆ మాటనకే. నా మాట విను. ఆ అబ్బాయి...”

“ఏమయ్యాడో చెప్పకు. నాకు వాడింకా మూడో బెంచీలోనే ఉన్నాడు.”

“అది కాదే...”

“రేపు చెబుదువుగాని, నేను లేచాక. లేవడానికి ఏదో ఒకటి మిగలాలి కదా?” అని చెల్లెలు అక్క చెయ్యి దగ్గరికి తీసుకుని, వేళ్ళ మీద ఉఫ్‌మని ఊదింది. వాటి మీద ఇప్పుడు పొడేమీ లేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాల్సిన గంట మోగింది. అక్క ఆ మాట దిగమింగుకుని ఇంటికి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు బయటికొచ్చి కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడుచుకోలేదు. అక్క బెంచీ మీద అలాగే కూర్చుండిపోయింది. చెల్లెలు పోయినందుకు ఒక ఏడుపు, నిజం చెప్పకుండానే పంపినందుకు మరో ఏడుపు.

నర్సు వచ్చి పక్కన కూర్చుంది. “లోపలికి తీసుకెళ్ళే ముందు ఇది మీకిమ్మన్నారు మేడమ్” అంటూ చెల్లెలి కళ్ళజోడు డబ్బా చేతిలో పెట్టింది.

అందులో కళ్ళజోడు లేదు. అంచులు అరిగిన, పలచటి నీలం సుద్దబిళ్ళ ఒకటి ఉంది. దాని కింద మడతపెట్టిన చీటీ.

“అక్కా, ఈ దర్జీ సుద్ద నీ సంచీలో దొరికినప్పుడు నాకు పదేళ్ళు, నువ్వు హైస్కూలు గడపే తొక్కలేదనీ, నా మందుల కోసం దర్జీ కొట్లో బడిపిల్లల చొక్కాలు కుడుతున్నావనీ అమ్మ ఆ రోజే చెప్పేసింది, కానీ నాకు తెలుసంటే నువ్వు కథలు ఆపేస్తావని భయమేసి ఊరుకున్నాను.”