చెరువు పెద్ద ధైర్యం

అమ్మలారా, అయ్యలారా! పసివాడి కోసం స్తంభం చీల్చుకుని వచ్చిన నరసింహస్వామిని తలుచుకుని వినండి. ఒక చెరువులో కప్పమ్మ పిల్లలిద్దర్ని నీటిపాము మింగేసింది. ఇక ఒక్క చంటిదే మిగిలింది. కప్పమ్మ ఏడుస్తూ చెరువు పెద్ద తాబేలుతో మొరపెట్టుకుంది.

"ఇక్కడ భయమేంటే? ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను, నన్నెవరైనా ముట్టుకున్నారా? మీరే గోల చేసి చెరువు పరువు తీస్తున్నారు!" అని కసిరింది తాబేలు.

"అలాగా తాతా! అయితే నేను మేతకు వెళ్ళొచ్చేదాకా ఈ చంటిదాన్ని నీ వీపు మీద కూర్చోబెట్టుకో."

"అమ్మో! దీని కోసం పాము నా మీదికొస్తే?"

చూశారా నాయనలారా, ఆ మహానుభావుడి గొంతు అప్పటికే చిప్పలోంచి వస్తోంది! కప్పమ్మ ఆ చిప్ప మీద థూ అని ఉమ్మి, బిడ్డను తన వీపుకే ఎక్కించుకుని వెళ్ళిపోయింది.