లింగమూర్తి కేసు

తీర్పు వచ్చే రోజున కూడా పెద్దమామకు కోడికూర కావలసి వచ్చింది.

సెంటినరీ కాలనీలోని ఆ క్వార్టర్‌లో పొద్దుటి నుంచి ఎవరికీ ముద్ద దిగలేదు. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని మూలిగ జుర్రుతూ, బొక్కలు నేల మీదే ఊస్తున్నాడు. ఎత్తాల్సింది కొత్తకోడలు మమత. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చీపురు అందుకుంది.

"జర కారం తక్కువైంది పిల్లా," అన్నాడు త్రేన్చుతూ. "రేపు సక్కగ చెయ్యి."

పెద్దమామంటే మమత మామగారికి అన్న. ఆయనది కమాన్‌పూర్ పక్క పల్లె. తమ్ముడు బొగ్గుబాయిలో పైకప్పు కూలి చనిపోతే దినాలకని వచ్చాడు. మళ్లీ పోతే ఒట్టు. కల్లు కావాలి, గుట్కా కావాలి, గోడ నిండా ఆయన ఉమ్మే. అత్త సారవ్వ కిక్కురుమనకుండా అన్నీ అమర్చేది. మొగుడు వీరేందర్ తల వంచుకునేవాడు. తల్లీకొడుకులకు సిగ్గూ శరం లేవనుకునేది మమత.

"ఎందుకత్తమ్మా గీ సేవ?" అని అడిగితే, "తీర్పు రానీ బిడ్డా, గప్పటిదాంక ఓపిక పట్టు," అనేది సారవ్వ.

ఆ తీర్పు వీరేందర్ ఉద్యోగం గురించి. డ్యూటీలో పోయినవాడి కొడుక్కి కంపెనీ ఉద్యోగం ఇవ్వాలి. ఇవ్వనంది. చచ్చింది కాగితాల్లో ఉన్న లింగమూర్తి కాదట. లింగమూర్తికి వచ్చిన ఉద్యోగం పిలుపు మీద ఇంకెవడో చేరి, బతుకంతా ఆ పేరుతోనే బొగ్గు తవ్వాడట. పాత రోజుల్లో అలాంటివి జరగకపోలేదు. కానీ ప్రాణం పెట్టిన మనిషికి పేరు కూడా దక్కనివ్వరా అని మమత మండిపడేది. హైకోర్టులో ఓడారు. ఢిల్లీ పెద్దకోర్టులోనూ ఓడితే ఉద్యోగం పోయినట్టే, క్వార్టర్ కూడా ఖాళీ చేయాలి.

మధ్యాహ్నం వకీలు ఫోన్ చేశాడు. వింటూ వింటూనే వీరేందర్ గోడకు చేరగిలబడ్డాడు.

"గెలిచినమే అవ్వా! సచ్చిపోయింది లింగమూర్తేనని కోర్టు ఒప్పుకున్నది. నౌకరీ ఇయ్యాలన్నది!"

కాలనీ జనం వచ్చిపడ్డారు. మామగారి ఫోటోకు దండ వేసి, "లింగమూర్తి అమర్ రహే!" అని అరిచారు. పెద్దమామ ఫక్కున నవ్వాడు. ముక్క గొంతుకు అడ్డం పడితే దగ్గి దగ్గి, ఆ ఫోటో కిందే ఉమ్మాడు.

మమతకు ఒళ్లు మండిపోయింది. జనం వెళ్లేదాకా ఆగి, ఆయన సంచీ తెచ్చి వాకిట్లోకి విసిరికొట్టింది.

"తీర్పొచ్చింది, ఇగ లెవ్వు! సొంత తమ్ముని ఫోటో కాడ ఉమ్ముతవా? థూ! నీ ఊరికి నువ్వు పో!"

ఆయన కదలలేదు. పళ్లు కుట్టుకుంటూ సారవ్వ వంక చూశాడు.

వీరేందర్ వెళ్లి సంచీ తెచ్చాడు. దుమ్ము దులిపి, మళ్లీ ఆయన మంచం పక్కనే పెట్టాడు.

"నీకు అసయ్యమైతలేదా?" అని మమత మొగుడి మీద అరిచింది.

సారవ్వ లేచి తలుపు గడియ పెట్టింది. ఫోటో కింది ఉమ్మిని గుడ్డతో తుడుస్తూ, గొంతు తగ్గించి అంది:

"మెల్లగ మాట్లాడు బిడ్డా, ఇయ్యాల కోర్టు సచ్చిండన్న లింగమూర్తి గీ బావనే."