ఆరు దగ్గర చప్పుడు

పైపు అడుగున చివరి అంగుళం అతుకుతుండగా రైఖాన్ చెయ్యి వణికింది.

లోపల చిన్న చిల్లు మిగిలిపోయింది. చూసి కూడా దానిమీదే రెండో వరస పోసేసింది.

వెల్డింగ్ ముసుగు ఎత్తేసరికి కందకం గట్టున టీ కెటిల్‌తో, పనివాళ్లకి టీ పోసే ముసలి కున్‌సులు అపా నిలబడి ఉంది.

రైఖాన్‌ది వెల్డింగ్ ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. ఆ వేడినీళ్ల పైపు ఎదురుగా ఉన్న ప్రసూతి ఆసుపత్రికి వెళ్తుంది. బయట మైనస్ ఇరవై ఎనిమిది. మూడింటికి నీళ్లు వదులుతారు. అతుకు నిలిస్తే ఆమెకు సొంత నంబరు ఇస్తారు. ప్రతి వెల్డరూ తన అతుకు పక్కన తన నంబరు గుద్దాలి. కారితే అది ఎవరి పనో ఆ నంబరే చెబుతుంది.

పొద్దున మేస్త్రీ తొక్తార్ ఆ పైపుమీదే ఉన్న పాత అతుకు చూపించాడు. అక్కడ 41 అని ఉంది.

"ముప్పై ఏళ్లయింది. చుక్క కారలేదు. ఎవడోగానీ వాడి చేతులు కళ్లకద్దుకోవాలి," అన్నాడు.

అపా గట్టుమీంచి వంగింది.

"నీ అతుకు నూనెలో బౌర్సాకులు వేగినట్టు చక్కగా వేగింది తల్లీ. ఆరు దగ్గర మాత్రం చప్పుడు మారింది."

పైపు అడుగుని వెల్డర్లు గడియారం లెక్కన ఆరు అంటారు. టీ పోసే మనిషికి ఆ మాట ఎలా తెలిసిందో రైఖాన్ ఆలోచించలేదు.

"మీకు కళ్లే ఆనవు. టీ చల్లారకుండా చూసుకోండి, చాలు."

"ఆనవు కాబట్టే విన్నాను," అంది అపా.

ఆమె చెప్పేస్తుందేమోనని రైఖాన్ తనే ముందు తొక్తార్ దగ్గరికి పరుగెత్తింది. ముసలామె గట్టున నిలబడి మాట్లాడుతుంటే తన చేతులు వణుకుతున్నాయంది. రేపట్నుంచి రావొద్దని, పన్నెండు గంటల బస్సుకి వెళ్లిపొమ్మని తొక్తార్ అపాకి చెప్పేశాడు.

అపా చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. అతుకు సంగతి ఎవరితోనూ అనలేదు.

రైఖాన్‌కి అసలు భయం అప్పుడు పట్టుకుంది. అపా చెప్పి ఉంటే తను అబద్ధమనేది. ఇప్పుడా చిల్లు తనొక్కదానిదే.

ఎదురుగా ఆసుపత్రి కిటికీలో ఒక బాలింత గుడ్డల మూటని పైకెత్తి చూపిస్తోంది. కింద మంచులో ఆమె మొగుడు టోపీ తీసి ఊపుతున్నాడు.

రైఖాన్ తొక్తార్ దగ్గరికి వెళ్లింది. "తొక్తార్ అగా, నా అతుకు కోసెయ్యాలి."

"మతిపోయిందా? ఒంటిగంట దాటింది."

"లోపల చిల్లుంది. తెలిసే కప్పేశాను."

తొక్తార్ తిట్టిన తిట్లు వీధి చివరికి వినిపించాయి. తిడుతూనే గ్రైండర్ అందించాడు. కోస్తే ఆరు దగ్గర జొన్నగింజంత చిల్లు బయటపడింది.

రెండోసారి అతికేటప్పుడు ఆమె కళ్లకంటే చెవుల్నే ఎక్కువ నమ్మింది.

మూడింటికి నీళ్లు వదిలారు. అతుకు పొడిగానే ఉంది. తొక్తార్ నంబరు గుద్దే ఉలి ఆమె చేతిలో పెట్టాడు.

పనివాళ్లు చలి కాచుకునే వ్యాగన్‌లో పొయ్యి అంచున, అపా ఎవర్నీ ముట్టుకోనివ్వని సొట్ట అల్యూమినియం కప్పు ఉంది. పైన సాసరు మూసి ఉంది. బస్సెక్కేముందు నీకోసం పెట్టి వెళ్లిందన్నాడు అక్కడ కూర్చున్న పనిముట్ల లారీ డ్రైవరు.

పాలు కలిపిన టీ ఇంకా గోరువెచ్చగా ఉంది.

తాగి, కడుగుదామని కప్పు బోర్లిస్తే, అడుగున ఉలితో గుద్దిన అంకె వేళ్లకు తగిలింది: 41.