ఏ వైపు పంపమంటారు?

పొద్దున ఆరింటికి వెళ్ళిన గస్తీ బోటు మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా తిరిగొచ్చింది.

"మీరు చెప్పిన చోట నీళ్ళు తప్ప ఏమీ లేవంట ఉషగారూ," అన్నాడు గాలింపు చూస్తున్న అధికారి నరేంద్రబాబు.

ఉష తల ఎత్తలేదు. ల్యాప్‌టాప్ మీద వేళ్ళు ఆగలేదు.

బోగోలు తీరంలోని తుఫాను షెల్టర్‌లో ఒక గదిని కంట్రోల్ రూమ్ చేశారు. తుఫాను తీరం దాటకుండానే పక్కకు తిరిగిపోయింది గానీ, రెండు పడవలు వెనక్కి రాలేదు. పెద్ద పడవలో ఆరుగురు. చిన్న ఫైబర్ పడవలో ఒక్కడు, పేరు ముత్యాలయ్య.

పడవల్లో బిగించిన యంత్రాలు తామెక్కడున్నదీ పావుగంటకోసారి కబురు పంపుతాయి. ఆ కబుర్లన్నీ చేరే డేటాబేస్ ఉష కట్టిందే. చెన్నైలో కన్సల్టెంటు. విషయం తెలియగానే ఫోన్లో చోటు చెప్పి, కారు మాట్లాడుకుని వచ్చేసింది.

వరండాలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పెద్ద పడవ తాలూకు వాళ్ళంతా ఒక గుంపు. చిన్న పడవ తాలూకు మనిషి పోలేరమ్మ ఒక్కతే, తలుపు దగ్గర. పక్క పాళెం నుంచి ఆటోలో వచ్చింది. ఎవరితోనూ మాట్లాడలేదు.

ఉష మంచినీళ్ళ కోసం బయటికొస్తే పోలేరమ్మ లేచి నిలబడింది.

"ఏమన్నా తెలిసిందా తల్లీ?"

"చూస్తున్నానమ్మా."

"మోకాలి నొప్పి మనిషి. వద్దంటే వినకుండా పోయినాడు."

ఉష నీళ్ళు తాగకుండానే లోపలికి వచ్చేసింది.

రెండున్నరకు తప్పు దొరికింది. యంత్రాలు టైమును లండన్ గడియారం ప్రకారం పంపుతున్నాయి. మనకూ వాళ్ళకూ ఐదున్నర గంటల తేడా. ఆఖరి కబురు రాత్రి పదకొండింటిది అనుకుని, అప్పటినుంచీ పడవలు ఎంత దూరం కొట్టుకుపోయి ఉంటాయో లెక్క కట్టారు. నిజానికి అది తెల్లవారుజాము నాలుగున్నరది. పొద్దుటినుంచీ బోటు గాలించింది పడవలు లేని సముద్రాన్ని.

యంత్రం ఏ గడియారాన్ని నమ్ముతుందో కాగితాల్లో ఎక్కడా లేదు. ఉష అడగనూ లేదు.

ఆమె టైములన్నీ సరిచేసింది. గాలి, నీటివాలు కలిపి మళ్ళీ లెక్క కట్టింది. తెర మీద రెండు చుక్కలు తేలాయి. ఒకటి దక్షిణాన. ఒకటి ఈశాన్యాన. మధ్యలో అరవై కిలోమీటర్ల నీళ్ళు.

నరేంద్రబాబు ఆ చుక్కల వంక చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"మబ్బు విడిచేదాకా హెలికాప్టర్ ఎగరదన్నారు. ఈ అలల్లో ఊరి పడవలు పోలేవు. నా దగ్గరుండేది ఒక్కటే బోటు. వెలుగుండేది మూడు గంటలు. ఏ వైపు పంపమంటారు?"

"నన్నడుగుతారేంటి సార్?"

"సముద్రం మీద ఇప్పుడు కళ్ళుండేది మీకొక్కరికే గదమ్మా."

ఉష మళ్ళీ లెక్క వేసింది. రెండు చుక్కలూ తగిలే దారి ఒక్కటన్నా ఉందేమోనని చూసింది. ముందు ఈశాన్యం వెళ్ళి దక్షిణానికి తిరిగితే? ముందు దక్షిణానికి వెళ్ళి వస్తే? బోటు వేగం పెంచితే? ఎలా తిప్పినా ఒక చుక్క దగ్గరికి చేరేసరికి చీకటి పడుతోంది. నాలుగోసారి లెక్క మొదలుపెట్టబోయి ఆగిపోయింది. గోడ గడియారంలో మరో పది నిమిషాలు పోయాయి.

"దక్షిణం," అంది.

"ఖాయమా?"

"ఆరుగురున్నారు సార్. పంపించండి."

నరేంద్రబాబు వైర్‌లెస్ అందుకున్నాడు. తలుపు దగ్గర పోలేరమ్మ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో.

ఉష వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆయన ఏడుండాడో నీకు తెలిసింది గదా?"

"తెలిసిందమ్మా."

"తెలిసీ ఇంకో పక్కకి పంపినావా?"

"అటు ఆరుగురు. ఇటు ఒక్కరు."

"అది మీ లెక్క. నాకు?"

పోలేరమ్మ గోడకానుకుని కిందికి జారి కూర్చుంది. నేల చూస్తూనే అడిగింది.

"పొద్దుటినుంచీ ఏమన్నా తిన్నావా?"

ఉష లేదన్నట్టు తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

ఐదింటికి వైర్‌లెస్ మోగింది. ఆరుగురూ దొరికారు. నడుములోతు నీళ్ళు నిండిన పడవలో, ప్రాణాలతో. వరండా అంతా ఏడుపులు, నవ్వులు. దుర్గ అనే ఆమె పరుగెత్తుకొచ్చి ఉష కాళ్ళు పట్టేసుకుంది. "మా ఆయన్ని బతికిచ్చినావక్కా. మా ఇంటి దేవతవి." ఉష ఆమెను లేవదీసింది. నవ్వాలని చూసింది గానీ నవ్వు రాలేదు.

బోటు ఈశాన్యానికి తిరిగింది. చీకటి పడేదాకా గాలించి వెనక్కొచ్చింది.

మర్నాడు మబ్బు విడిచింది. పది గంటలకు హెలికాప్టర్‌కు ఫైబర్ పడవ కనబడింది. ఉష పెట్టిన చుక్కకు రెండు కిలోమీటర్ల దూరంలో, బోర్లా. మనిషి లేడు.

"కబుర్లు మనదాకా చేరలేదు గానీ, రాత్రి ఎనిమిదింటిదాకా యంత్రం ఆన్‌లోనే ఉన్నట్టుంది," అన్నాడు నరేంద్రబాబు నెమ్మదిగా. "మీరేం చేస్తారు లెండి. ఇంకొకరైనా అదే చెప్పేవాళ్ళు. ఈ గల్లంతైన వాళ్ళ జాబితా ఒకటి నింపి పంపాలి. మీకు శ్రమనుకోకపోతే..."

ఉష ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. పేరు, ముత్యాలయ్య. వయసు, యాభై తొమ్మిది. పడవ నంబరు ఎక్కడా చూడకుండానే కొట్టింది.

భార్య అన్న గడిలో పోలేరమ్మ అని నింపి, కూతురు అన్న గడి దగ్గర కాసేపు ఆగి, రెండే అక్షరాలు కొట్టింది: ఉష.