పది తప్పులు

"అక్కా, నా పది తప్పులూ ఏటో సెప్పండి. రాసుకుంటాను."

జ్యోతిర్మయి గుమ్మంలో నోటు పుస్తకం, పెన్ను పట్టుకుని నిలబడింది కనకం. వ్యాగన్ షెడ్డులో డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతులకింకా గ్రీజు వదల్లేదు.

నిన్న తెలుగు సంఘం పెట్టిన సైన్సు ఉపన్యాసాల పోటీ మొదటి రౌండుకి జ్యోతిర్మయి ఒక జడ్జి. రైలు చక్రం పట్టాల మీంచి ఎందుకు జారిపోదో కనకం చెప్పింది. రెండు స్టీలు గ్లాసుల మూతులు కలిపి అతికించి, రెండు కర్రల మీద దొర్లించి, వాటి పక్కనే తనూ పరుగెత్తింది. హాలు దద్దరిల్లిపోయింది. మార్కుల కాగితంలో చివరి గడి చూసింది జ్యోతిర్మయి. మధ్యలో 'ప' ఒత్తు, చివర 'లు'. చప్పట్లు కాబోలనుకుని పదికి పది వేసేసింది. అది 'తప్పులు' అనీ, ఆ పదీ తీసేస్తే కనకం రెండో స్థానానికి దిగిపోయిందనీ ఇవాళ పొద్దున్నే తెలిసింది. జ్యోతిర్మయి బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగి, హిందీలో చదువుకున్న బ్యాంకు ఆఫీసరమ్మ. తెలుగు గడగడా మాట్లాడుతుంది గానీ చదవమంటే కూడబలుక్కోవాలి. జడ్జి కుర్చీలో కూర్చున్నాక ఆ మాట ఎవరికి చెప్పుకుంటుంది?

"ఆదివారం ఫైనల్ కదక్కా. అది గెలిస్తే రాయ్‌పూర్ సైన్సు మేళాలో మాట్లాడొచ్చట. దిద్దుకుంటాను, సెప్పండి."

నిజం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"మతలబ్... అంటే, చేతులు మరీ ఊపేశావు."

కనకం రాసుకుంది.

"నవ్వుతూ చెప్పావు. సైన్సు కదా."

"అచ్ఛా."

"అదిగో, ఆ అచ్ఛా! మాటకోసారి. ఏటి అనడం కూడా."

"ఇంకా?"

"స్టేజీ మీద ఆ పరుగులేంటి? గ్లాసులు పిల్లలాటలా ఉన్నాయి. జనాన్ని ప్రశ్నలడగడమొకటి..."

అబద్ధానికి అబద్ధం తోడై పదీ పూర్తయ్యాయి. కనకం లెక్క చూసుకుని దండం పెట్టింది.

"బాగుందనీవోళ్ళే గానీ తప్పు సెప్పీవోళ్ళు ఎవరున్నారక్కా? మీరు నా మేలు కోరినోళ్ళు."

ఆ దండం జ్యోతిర్మయిని అన్నం తిననివ్వలేదు. సిగ్గుగా ఉంది, పాపం చేశానని భయంగానూ ఉంది. మర్నాడు సంఘం ప్రెసిడెంటు శేషగిరిరావుకి ఫోను చేసింది.

"అంకుల్, ఫైనల్లో చప్పట్లకి కూడా పది మార్కులు పెడదాం."

"మంచి మాటమ్మా," అన్నాడాయన.

కనకానికి పోయిన పదీ తిరిగొచ్చేస్తాయి. జ్యోతిర్మయి మనసు కాస్త కుదుటపడింది.

ఆదివారం కనకం ఇస్త్రీ చీరలో వచ్చింది. గ్లాసులు తేలేదు. చేతులు కట్టుకుని, నవ్వకుండా, గోడ గడియారం వైపు చూస్తూ పాఠం అప్పజెప్పింది. మైకు దగ్గర్నుంచి అంగుళం కదల్లేదు. దిగుతూ, సరిగ్గా చేశానా అన్నట్టు జ్యోతిర్మయి వైపు చూసింది. హాల్లో ఎవరో దగ్గారు.

జ్యోతిర్మయి కాగితం దగ్గరకు లాక్కుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని మార్కులు వేసింది.

తప్పులు: సున్నా.

చప్పట్లు: సున్నా.