నరమానవుడు లేని చోటు

"అక్కడ నిజంగా ఎవరూ ఉండరు కదమ్మా?" అని మళ్ళీ అడిగాడతను. అడిగిందే అడుగుతున్నానని అతనికీ తెలుసు.

"ఉండరన్నా," అంది జీపక్క, బల్ల మీద పరిచిన మ్యాపు మీంచి తల ఎత్తకుండానే. "అసలు అక్కడికి దారుందనే ఎవరికీ తెలీదు."

పిల్లాపాపలతో అడవికి తీసుకెళ్ళే ఆఫీసులన్నీ చెప్పులరిగేలా తిరిగి, చివరికి ఈ ఒంటి గది ఆఫీసుకొచ్చి పడ్డాడతను. ఎక్కడికెళ్ళినా జలపాతం ఫోటోలే చూపించారు. ఫోటోలో నీళ్ళకంటే జనమే ఎక్కువ, ఇసకేస్తే రాలదు. ప్రశాంతత కావాలంటే వారం మధ్యలో వెళ్ళమని సలహా ఒకటి! ప్రశాంతత ఎవడిక్కావాలి? అతనిక్కావలసింది నరమానవుడు లేని నీళ్ళు. జీపక్క దగ్గర అవి దొరుకుతాయని ఎవరో చెప్పారు. టికెట్లు రాసేదీ, జీపు నడిపేదీ, గుడారం వేసేదీ అన్నీ ఆవిడే కాబట్టి ఆ పేరు.

అతనిది సెలూన్. పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ జుట్టు కత్తిరించి, సాయంత్రం చొక్కా మార్చుకుని, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేకుండా దులుపుకున్నాకే ఇంటికి వెళ్తాడు. ఇంట్లో పన్నెండేళ్ళ కూతురుంది. పోయినేడాది పేనుకొరుకుడని గుండీ అంత మచ్చతో మొదలై, చూస్తుండగానే తలంతా రాలిపోయింది, ఆఖరికి కనుబొమ్మలతో సహా. స్కూల్లో 'కోడిగుడ్డు' అన్నారు. అంతే, పిల్ల ఉన్ని టోపీ చెవులదాకా లాక్కుని గదిలో దూరింది. ఒకప్పుడు ఈతకి దిగితే చేపపిల్లే. ఇప్పుడు స్నానానికెళ్ళినా గొళ్ళెం పడిందో లేదోనని రెండోసారి చూసుకుంటోంది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టే సామెత నోరుజారి అన్నాడని పిల్ల తల్లి అతనితో రెండ్రోజులు మాట్లాడలేదు.

మందుల సంగతి తర్వాత, ముందు పిల్లని గదిలోంచి బయటికి తెండి, తిండి కూడా మానేస్తోంది, ఇలాగే వదిలేస్తే పిల్ల మీకు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆలుమగలిద్దరూ బతిమాలగా బతిమాలగా చివరికి పిల్ల నోరు విప్పింది.

"ఎవ్వరూ లేని చోటైతే ఒక్కసారి ఈదుతా. అక్కడ ఎవరైనా ఉన్నారో, ఇంకెప్పుడూ నన్ను రమ్మనకు నాన్నా."

ఒక్కసారి. ఇది తప్పితే ఇంకోటి లేదు.

ఇవేవీ జీపక్కకి చెప్పలేదతను. పిల్లకి కొత్తవాళ్ళంటే బెరుకని మాత్రం అన్నాడు. అంటూ ఆవిడ తలకేసి చూశాడు. వయసు యాభైకి దగ్గరలో ఉంటుంది, జుట్టు మాత్రం కాటుకంత నలుపు, మెడ మీద ఇంత లావు కొప్పు. ఫ్యాను గాలికి మ్యాపు లేచి పడుతోంది గానీ ఆ తల మీద పోగు కూడా చెదరడంలేదు. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఏం నూనె వాడతారమ్మా?" అనేశాడు.

"నూనెకి వచ్చింది కాదన్నా," అని నవ్విందావిడ. "బాగా ఖరీదైంది."

డబ్బున్నవాళ్ళ మందులేవో ఉంటాయి, మనదాకా రావు అనుకున్నాడు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే. మళ్ళీ అటు చూడబుద్ధి కాలేదు. ఆ చోటు మీకెలా తెలుసని మాత్రం అడిగాడు. సెలవు దొరికితే ఒక్కతీ వెళ్ళి ఈదుకుంటుందట. తనకీ జనం పడదట.

ఆదివారం జీపులో ఉక్కపోసింది. దుమ్మని జీపక్క అద్దాలు దించనివ్వలేదు. వెనక సీట్లో పిల్ల ఉన్ని టోపీలో చెమటలు కక్కుతోంది. జీపక్క ముందున్న అద్దంలోంచి ఒకసారి ఆ టోపీని చూసింది.

మడుగు నిజంగానే ఆవిడ చెప్పినట్టే ఉంది. చుట్టూ చెట్లు, అడుగునున్న రాళ్ళు కూడా కనిపించేంత తేట నీళ్ళు, పిట్టల చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్ల చెప్పులు విడిచి నీళ్ళదాకా పరిగెత్తింది. ఆ పరుగు చూసి తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల చెయ్యి టోపీ దాకా వెళ్ళి ఆగిపోయింది. మడుగు ఒడ్డున పెద్ద రాయి మీద జీపక్క కూర్చునుంది.

"ఆవిడున్నారుగా," అంది పిల్ల నెమ్మదిగా.

అతను గబగబా వెళ్ళి, కాస్త జీపు దగ్గర కూర్చోమని అడిగాడు. మడుగు లోతు, నీళ్ళలో పిల్ల ఉండగా ఒడ్డు వదిలి కదలనంది జీపక్క. కసిరాడు. ఇంకో అంత డబ్బిస్తానన్నాడు. ఊహూఁ. చివరికి రెండు చేతులూ జోడించాడు.

"మా పిల్లకి జుట్టు లేదమ్మా. మీ కొప్పు ఎదురుగా పెట్టుకుని అది టోపీ ఎలా తీస్తుంది? మీకు దణ్ణం పెడతా, వెళ్ళండి."

గొంతు తగ్గించే అన్నాడు గానీ, అంత నిశ్శబ్దంలో మాట నీళ్ళ మీంచి అవతలిదాకా పోయింది. పిల్ల వెనక్కి తిరిగి చెప్పులేసుకుంది.

"ఇంటికి పోదాం నాన్నా."

తల్లి ఉన్నచోటే కూలబడిపోయింది. అయిపోయింది, ఇంక పిల్ల గది దాటదు అనుకున్నాడతను.

జీపక్క లేచి నిలబడింది.

"పాపా, టోపీ తడిస్తే తొందరగా ఆరదు. ఈ రాయి మీద పెట్టేసి దిగు. నేనెప్పుడూ ఇక్కడే పెడతా."

జీపు వైపు నడుస్తున్న పిల్ల ఆగింది.

"మీరేం పెడతారు?"

జీపక్క కొప్పుతో సహా జుట్టంతా తీసి రాయి మీద పెట్టింది.