గూడు తెరిచిన సాయంత్రం

"బావ పోయినంక ఈ ఇంట్ల ఒక్కదానివే ఎట్లుంటవ్ చెల్లె? ఆ గిన్నెకోళ్లను అమ్మేసి మా ఇంటికి రా. రేపు బండి తెస్త," అన్నాడు రాఘవేందర్.

అరుంధతి పెరట్లోని గూడు తలుపు తీసింది. పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ లోపలే పెరిగిన గిన్నెకోళ్లు తొలిసారి బయటికొచ్చాయి. గోలగోలగా అరుస్తూ ప్రహరీ దాటి పక్కింటి వేపచెట్టెక్కాయి.

"అయిపాయె! చిక్కడపల్లి మొత్తం తిరుగుతయి. ఇంక రావు."

"వస్తయి అన్నా. రోజూ డబ్బా చప్పుడు చేసినంకనే సజ్జలేసిన. ఇయ్యాల ఆకలి మీద ఇడిసిన."

ఆమె సజ్జల డబ్బా ఊపింది. ఒక్కటీ కదల్లేదు. మళ్లీ ఊపింది.

ఒకటి గోడ మీదికి దిగింది. వెనకే మిగతావన్నీ వచ్చి ఆమె కాళ్ల చుట్టూ మూగాయి.

రాఘవేందర్ వాటినే చూస్తూ నిలబడ్డాడు. "రాకుంటే ఏం చేద్దువు? భయం కాలేదా?"

"అయింది. ఆయన పోయిన కాడికెల్లి రోజూ అయితనే ఉంది. అయినా పొద్దున లేచి ఇంటి తలుపు తీస్తున్న గద."

అతను డబ్బాలోంచి గుప్పెడు సజ్జలు తీసి వాటి ముందు చల్లాడు.

"అన్నం తిని పో అన్నా," అంది అరుంధతి. "రేపు బండి మాత్రం తేకు."